సింగపూర్‌లో పికిల్‌బాల్: ఒక్కరే వెళ్లి నలుగురిలో కలిసి ఆడటం ఎలా

పికిల్‌బాల్ అంటే చిల్లుల ప్లాస్టిక్ బంతిని ప్యాడిల్ అనే గట్టి బ్యాటుతో నెట్ మీదుగా అటూ ఇటూ కొట్టుకునే ఆట. సింగపూర్ వచ్చిన కొత్తలో దానికోసం నేను చేసిన పొరపాటేంటంటే ముందు కోర్టు వెతుక్కున్నాను. మ్యాప్‌లో ఎక్కడో ఒకటి కనిపించింది, ఆదివారం పదకొండింటికి రెండు రైళ్లు, ఒక బస్సు మారి వెళ్లాను. కోర్టు ఉంది, గీతలూ ఉన్నాయి. నెట్ లేదు, మనిషి లేడు, నెత్తిన ఎండ మాత్రం దండిగా ఉంది. ప్యాడిల్ చంకలో పెట్టుకుని దిక్కులు చూస్తుంటే పక్క బ్లాకు కింద బెంచీ మీద కాఫీ తాగుతున్న ఒక పెద్దాయన చెయ్యూపి, "ఈవినింగ్ కమ్ లా, సెవెన్ ఓక్లాక్, మెనీ పీపుల్" అన్నాడు. సాయంత్రం మళ్లీ వెళ్తే నిజంగానే పద్నాలుగు మంది ఉన్నారు, రెండు నెట్లు కట్టారు, గోడవారగా ప్యాడిళ్లు వరసగా ఆనించి ఉన్నాయి.

అప్పటినుంచి కొత్తగా వచ్చినవాళ్లెవరు అడిగినా ఒకటే చెబుతున్నాను, ముందు మనుషుల్ని వెతకండి, కోర్టు సంగతి వాళ్లే చూసుకుంటారు. మీకు జట్టు అక్కర్లేదు, తోడు అక్కర్లేదు, ఒక్కరే వెళ్లినా ఆడొచ్చు, ఈ ఆటలో అదే సుఖం.

మొదటి పని: ఎక్కడ ఆడుతున్నారో కనుక్కోండి

మీ ఇంటి కిందే మొదలుపెట్టండి. ఇక్కడ పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ఉండేది ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్లలోనే కదా, ఆ బ్లాకుల మధ్య హార్డ్ కోర్టులనే సిమెంటు కోర్టులుంటాయి. బాస్కెట్‌బాల్ గీతల మీద బ్యాడ్మింటన్ గీతలు, వాటి మీద ఇంకేవో గీతలు, చూస్తే చిన్నపిల్లల ముగ్గులా ఉంటుంది. కొన్నిటికి పైన కప్పు కూడా ఉంటుంది, అలాంటిది మీకు దగ్గర్లో ఉంటే అదృష్టవంతులే. ఎక్కువ చోట్ల ముందొచ్చినవాళ్లదే కోర్టు, డబ్బు కట్టే పని లేదు. పొద్దున ఏడున్నరకి ఒకసారి, సాయంత్రం ఏడుకి ఒకసారి ఊరికే అలా నడిచి రండి, ఓ వారం తిరిగితే ఏ కోర్టులో ఏ రోజు జనం ఉంటారో మీకే తెలిసిపోతుంది. బంతి చప్పుడు రెండు బ్లాకుల అవతలికి వినపడుతుంది కాబట్టి చెవులు పనిచేస్తే చాలు.

తర్వాత మీ పేటలోని కమ్యూనిటీ క్లబ్. ప్రభుత్వ సంస్థ అయిన పీపుల్స్ అసోసియేషన్ నడిపే ఈ క్లబ్బుల్లో చాలావాటికి ఇప్పుడు పికిల్‌బాల్ బృందాలున్నాయి. వన్‌పీఏ యాప్‌లో వెతకొచ్చు, కానీ నేనైతే నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లి "పికిల్‌బాల్ వాక్-ఇన్ ఉందా, ఏ రోజు, ఎవర్ని కలవాలి" అని మూడు ముక్కల్లో అడగమంటాను. యాప్‌లో కనపడని వాట్సాప్ గ్రూపుల ఆచూకీ అక్కడే దొరుకుతుంది. ఇక్కడికి పగటిపూట వచ్చేవాళ్లలో రిటైరైనవాళ్లు ఎక్కువ, ఓపిగ్గా నేర్పుతారు, తప్పు చేస్తే మొహం మాడ్చుకోరు.

మూడోది యాప్. ఇక్కడ రీక్లబ్ అనే యాప్ బాగా వాడతారు, టెలిగ్రామ్ గ్రూపులూ ఉన్నాయి. ఎవరో ఒకరు హోస్ట్‌గా ఉండి, హాల్లో రెండు మూడు కోర్టులు తీసుకుని, "ఫలానా రోజు ఎనిమిది నుంచి పది, ఇంతమంది, ఇంత రుసుము" అని పెడతారు. మీరు పేరు చేర్చుకుని, పేనౌలో డబ్బు పంపి, టైముకి వెళ్లడమే. నేను వెళ్లినవన్నీ రెండు గంటలకి పది డాలర్లకి కాస్త అటూ ఇటూగా ఉండేవి, ఏసీ ఉంటే ఇంకొంచెం ఎక్కువ.

బెడోక్‌లో హార్ట్‌బీట్, టాంపనీస్‌లో అవర్ టాంపనీస్ హబ్ లాంటి ప్రభుత్వ యాక్టివ్ఎస్‌జీ స్పోర్ట్స్ హాళ్లు మరీ బాగుంటాయి కానీ అవి స్లాట్ బుక్ చేసుకుని వెళ్లాల్సినవి, ఊరికే లోపలికి వెళ్లి నిలబడితే ఎవరూ ఆడించరు. ఒక జాగ్రత్త. బుక్ చేసిన మనిషి తాను రాకుండా స్లాట్‌ని ఇంకొకరికి అమ్ముకోవడం నిబంధనలకి విరుద్ధం. టెలిగ్రామ్‌లో ముక్కూమొహం తెలియనివాడు "నా స్లాట్ తీసుకో, ముందు డబ్బు పంపు" అంటే దండం పెట్టి తప్పుకోండి.

నాలుగు రోజుల కోసం చుట్టపుచూపుగా వచ్చినవాళ్లయితే బుకింగుల జోలికి పోకుండా హోస్ట్ పెట్టే ఆటల్లోకే వెళ్లండి, లేదా చుట్టాలింటి కింద కోర్టుకి వెళ్లండి. మనవాళ్లు చాలామంది కాండోలనే ప్రైవేటు అపార్ట్‌మెంట్లలో ఉంటారు, అక్కడి టెన్నిస్ కోర్టులో కూడా ఆడుకుంటారు గానీ అది ఆ కాండోలో ఉండేవాళ్లకీ వాళ్ల అతిథులకీ మాత్రమే.

రెండో పని: చేరేముందు లెక్క చూసుకోండి

యాప్‌లో ఆట కనపడగానే "జాయిన్" నొక్కేయకండి. ముందు రెండు అంకెలు చూడండి, కోర్టులెన్ని, మనుషులెంతమంది. కోర్టులో ఒకసారికి ఆడేది నలుగురు. మూడు కోర్టులకి పద్దెనిమిది మంది అంటే కోర్టుకి ఆరుగురు, హాయిగా ఉంటుంది, ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ మీ వంతు వస్తుంది. అదే మూడు కోర్టులకి ఇరవై నలుగురంటే కోర్టుకి ఎనిమిది మంది, అంటే రెండు గంటల్లో మీరు ఆడేది గంటే, మిగతా గంట బెంచీకి కిరాయి కట్టినట్టే. డబ్బు మాత్రం అంతే తీసుకుంటారు.

ఆ తర్వాత లెవెల్. బిగినర్, ఇంటర్మీడియట్ అని రాస్తారు, కొందరు డూపర్ అంకె అడుగుతారు, 2 నుంచి 8 దాకా ఉండే రేటింగ్ అది. కొత్తవాళ్లకి ఆ అంకె ఉండదు, ఏం ఫర్వాలేదు. అసలు చిక్కు మన బ్యాడ్మింటన్ జనంతోనే. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పటినుంచీ హైదరాబాద్‌లో సందుకో అకాడమీ లేచింది కదా, అందులో నాలుగేళ్లు ఆడినవాడు "నాకు రాకెట్ ఆటలు వచ్చు" అని ధీమాగా ఇంటర్మీడియట్‌లో చేరిపోతాడు. నేనూ అదే చేశాను. మొదటి ఆటలోనే 11-1. ఆ ఒక్కటి కూడా అవతలివాళ్ల సర్వ్ తప్పితే సర్వ్ మాకొచ్చి, ఆ వెంటనే వాళ్లు బంతి నెట్‌కి కొడితే వచ్చిన పాయింటు. నా పార్ట్‌నర్ పైకి ఏమీ అనలేదు, కానీ మళ్లీ నాతో కలిసి ఆడాల్సి వస్తుందని, ఆ తర్వాత క్యూలో ఆయన ప్యాడిల్ నా ప్యాడిల్ పక్కన పెట్టలేదు. మొదటి నాలుగైదు సార్లు బిగినర్ అనే రాసి వెళ్లండి. మీరు బాగా ఆడితే హోస్టే పైకి పంపిస్తాడు.

ఇంకొకటి, రాలేకపోతే ముందే చెప్పండి. వెయిట్‌లిస్ట్‌లో మనుషులుంటారు. చెప్పకుండా ఎగ్గొట్టినవాళ్ల పేర్లు హోస్టులు మర్చిపోరు.

మూడో పని: సంచిలో ఏం పెట్టుకోవాలి

ప్యాడిల్ ముందే కొనకండి. కమ్యూనిటీ క్లబ్బుల్లో, చాలామంది హోస్టుల దగ్గర ఒకటి రెండు అదనంగా ఉంటాయి, ముందురోజు మెసేజ్ పెడితే తెస్తారు. నచ్చితే అప్పుడు డెకాత్లాన్‌లో చవకది ఒకటి తీసుకోండి. ఖరీదైన కార్బన్ ఫైబర్ ప్యాడిల్‌తో వచ్చి సర్వ్ నెట్‌కి కొట్టేవాళ్లని వారానికి ఇద్దర్ని చూస్తున్నాను.

బూట్ల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. స్పోర్ట్స్ హాల్లో నేలకి మరకపడని అడుగున్న బూట్లే వేసుకోవాలి. నల్ల అడుగున్న పరుగు బూట్లతో వెళ్లిన రోజు నన్ను గుమ్మం దగ్గరే ఆపేశారు, డబ్బు కట్టి రెండు గంటలు బయట కూర్చుని అద్దంలోంచి చూశాను. పైగా పరుగు బూట్లు ముందుకి వెళ్లడానికి చేసినవి, పక్కకి గెంతితే చీలమండ మెలికపడుతుంది. బ్యాడ్మింటన్ బూట్లుంటే హాల్లో అవే చాలు.

ఇక తువ్వాలు ఒకటి, మారు టీషర్టు ఒకటి, లీటరున్నర నీళ్లు. ఇక్కడి ఉక్కపోతలో పావుగంటకే అరచేయి తడిసి ప్యాడిల్ జారుతుంది, అందుకే పిడికి చుట్టే గ్రిప్ టేపు కూడా ఉంచుకోండి. మారు టీషర్టు సోకు కోసం అనుకునేరు, ఆట అయ్యాక తడి బట్టలతో ఎమ్‌ఆర్‌టీ రైలు ఎక్కి ఆ ఏసీలో నలభై నిమిషాలు కూర్చుంటే మర్నాడు తుమ్ములే.

నాలుగో పని: ఎండా వానా చూసుకుని బయల్దేరండి

భూమధ్యరేఖకి ఒకటిన్నర డిగ్రీల లోపే ఉన్న దీవి ఇది. ఏడాదంతా పొద్దున ఏడు ప్రాంతంలో తెల్లారుతుంది, సాయంత్రం ఏడు ప్రాంతంలో చీకటి పడుతుంది, మధ్యలో ఉన్నది ఎండ, లేదంటే వాన. బయట కోర్టులో ఆడేది పొద్దున తొమ్మిదిన్నర లోపు, సాయంత్రం ఐదున్నర తర్వాత. మిగతా టైములో పైన కప్పు ఉంటే సరే, లేకపోతే ఇంట్లో పడుకోండి.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మొదటి రోజు అందరూ మూడేసి గంటలు ఆడేస్తారు. మన కోస్తా ఎండలకి అలవాటుపడ్డ ఒళ్లు కదా అనుకోకండి, ఆఫీసు ఏసీలో పదేళ్లు కూర్చున్న ఒళ్లు కూడా అదే. గంటన్నర ఆడి ఆపండి. నీళ్లు మాత్రమే కాకుండా ఉప్పు కూడా ఒంట్లోకి వెళ్లాలి, ఇక్కడివాళ్లు హండ్రెడ్ ప్లస్ అనే డ్రింకు తాగుతారు, నేను ఇంటి నుంచి ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఫ్లాస్కులో తీసుకెళ్తాను. దాని రుచి చూసిన ఒక చైనీస్ ఆంటీ ఇప్పుడు వారం వారం అడిగి మరీ తాగుతోంది.

వాన సంగతి. మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడటం ఇక్కడ మామూలే. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా సుమత్రా వైపు నుంచి తెల్లవారుజామునో పొద్దున్నో గాలివాన ఒక్కసారిగా విరుచుకుపడుతుంటుంది, అరగంట, గంట కుమ్మేసి వెళ్లిపోతుంది. బయల్దేరేముందు మైఎన్వ్ యాప్‌లో వాన మ్యాప్ చూడండి. ఆడుతుండగా ఉరుము వినపడితే ఆట ఎంత రసపట్టులో ఉన్నా ఆపి పక్క బ్లాకు కిందకి వెళ్లిపోవాలి, ఇక్కడ పిడుగులు చాలా ఎక్కువ. వాన వెలిశాక కోర్టు ఆరిందో లేదో చేత్తో తడిమి చూడండి, రంగు వేసిన సిమెంటు మీద సన్నటి తడి ఉన్నా కాలు జారుతుంది.

ఐదో పని: వెళ్లాక మొదటి పది నిమిషాలు

అసలు భయం ఇక్కడే కదా. తెలియని పదిమంది, వాళ్ల భాషలు వేరు, అందరూ ఒకరికొకరు తెలిసినట్టున్నారు, మధ్యలో మనమెందుకు అనిపిస్తుంది. ఆ మొహమాటం పది నిమిషాలు పక్కన పెట్టండి. నడుస్తున్న ఆట మధ్యలో కోర్టు అడ్డంగా దాటకుండా, పాయింటు అయ్యేదాకా ఆగి, బయట కూర్చున్నవాళ్లలో ఒకరి దగ్గరికి వెళ్లి "అంకుల్, ఐ యామ్ న్యూ, క్యాన్ జాయిన్?" అనండి. పెద్దవాళ్లని అంకుల్, ఆంటీ అనడం ఇక్కడా మనలాగే, ఎవరూ ఏమీ అనుకోరు. తొంభై శాతం "క్యాన్, క్యాన్" అనే వస్తుంది.

తర్వాత మీ ప్యాడిల్ వరసలో పెట్టండి. గోడవారగానో, కంచెకి తగిలించిన స్టాండులోనో ప్యాడిళ్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, అదే క్యూ. ఆర్టీసీ బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేస్తాం చూడండి, సరిగ్గా అదే. ఇక్కడ హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండేచోట, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు ఆపుకుంటారు, వాళ్లకీ ఇది కొత్తేం కాదు. ముందున్న నాలుగు ప్యాడిళ్ల మనుషులు తర్వాతి ఆటకి వెళ్తారు. అందుకని మీ ప్యాడిల్ చివర్లోనే పెట్టాలి, మధ్యలో దూర్చకూడదు, స్నేహితుడి కోసం రెండోది పెట్టకూడదు.

ఆట అయ్యాక కోర్టులోంచి ఎవరు దిగి బయటికి రావాలనేది చోటుని బట్టి మారుతుంది. జనం ఎక్కువుంటే నలుగురూ దిగిపోతారు, తక్కువుంటే గెలిచిన ఇద్దరు ఉండి చెరోవైపు విడిపోతారు. ఊహించకండి, "ఫోర్ ఆఫ్ ఆర్ టూ ఆఫ్?" అని అడగండి.

ఆరో పని: ఇరవై నిమిషాల్లో నేర్చుకోవాల్సిన నియమాలు

మొత్తం నియమావళి చదవక్కర్లేదు. సర్వ్ నడుము కింద నుంచి, కింది నుంచి పైకి, ఐమూలగా అవతలి గడిలోకి. భయంగా ఉంటే బంతిని చేతిలోంచి కిందకి వదిలి, నేల తాకి లేచాక కొట్టండి, అదీ చెల్లుతుంది. సర్వ్ వచ్చిన బంతి ఒకసారి నేల తాకాలి, దాన్ని తిప్పికొట్టాక ఆ బంతి కూడా అటువైపు ఒకసారి నేల తాకాలి, ఆ తర్వాతే గాల్లో కొట్టొచ్చు. కొత్తవాళ్లు సర్వ్ చేసేసి ఉత్సాహంగా ముందుకి పరుగెత్తి ఇక్కడే దొరికిపోతారు.

నెట్‌కి రెండువైపులా ఏడేసి అడుగులు కిచెన్. అందులో నిలబడి గాల్లో బంతి కొట్టకూడదు, గీత తొక్కినా కిచెన్‌లో ఉన్నట్టే, బయటినుంచి కొట్టి ఆ ఊపులో లోపలికి తూలినా తప్పే. బంతి కిచెన్‌లో నేల తాకితే మాత్రం నిక్షేపంలా లోపలికి వెళ్లి కొట్టొచ్చు. వంటింట్లోకి పిలవందే పోకూడదు, పిలిచేది బంతి, అలా గుర్తుపెట్టుకుంటే సరి.

స్కోరు మూడు అంకెలు, మన స్కోరు, అవతలివాళ్ల స్కోరు, సర్వ్ చేసేది ఒకటో మనిషా రెండో మనిషా. ఆట "జీరో, జీరో, టూ" అని మొదలవుతుంది, ఆ టూ ఏంటని బుర్ర బద్దలుకొట్టుకోకండి, మొదట సర్వ్ చేసే జట్టుకి ఒక్క మనిషికే అవకాశం అని దానర్థం. సర్వ్ చేసే జట్టుకే పాయింట్లు వస్తాయి. 11కి ఆట, రెండు తేడాతో గెలవాలి. సర్వ్ చేసేముందు స్కోరు గట్టిగా చెప్పండి, తప్పు చెప్పినా ఫర్వాలేదు, ఎవరో ఒకరు దిద్దుతారు. చెప్పకుండా కొట్టేస్తేనే చిరాకు పడతారు.

ఇంకా చిన్నచిన్నవి. బంతి మీ వైపు గీత మీద పడిందో బయట పడిందో చెప్పాల్సింది మీరే, అనుమానముంటే పాయింటు అవతలివాళ్లకే వదిలేయాలి. పక్క కోర్టు బంతి దొర్లుకుంటూ వస్తే "బాల్!" అని అరవండి, దాని మీద కాలు పడితే మోకాలే పోతుంది. ఆట అయ్యాక నెట్ దగ్గరికి వెళ్లి ప్యాడిళ్లు తాకించుకోండి.

బ్యాడ్మింటన్ కోర్టులో ఆడేటప్పుడు ఉండే తమాషా

ఇది ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పికిల్‌బాల్ కోర్టు కొలత 20 అడుగులు, 44 అడుగులు. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టుదీ సరిగ్గా అదే. కాకతాళీయం కాదు, ఈ ఆట పుట్టిందే ఒక పాత బ్యాడ్మింటన్ కోర్టు మీద. 1965లో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ అనే దీవిలో, సెలవుల్లో పిల్లలకి తోచక విసిగిస్తుంటే జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ కలిసి చేతికందిన బ్యాట్లు, చిల్లుల ప్లాస్టిక్ బంతి ఇచ్చి మొదలుపెట్టారు, బార్నీ మెకల్లమ్ తర్వాత తోడయ్యాడు. అదీ దీవే, ఇదీ దీవే, కాకపోతే అక్కడ చలి. ఇక్కడ పేటపేటకీ బ్యాడ్మింటన్ కోర్టులుండటం వల్లే ఈ ఆట ఇంత తొందరగా పాకిందని నా నమ్మకం.

తేడాలు రెండున్నాయి. బ్యాడ్మింటన్ నెట్ స్తంభాల దగ్గర 5 అడుగుల 1 అంగుళం, పికిల్‌బాల్‌ది అంచుల్లో 36 అంగుళాలు, మధ్యలో 34. అందుకే ఎవరో ఒకరు మడతపెట్టే నెట్ భుజాన వేసుకుని వస్తారు. రెండోది కిచెన్ గీత. బ్యాడ్మింటన్ షార్ట్ సర్వీస్ గీత నెట్ నుంచి ఆరున్నర అడుగులు, కిచెన్ ఏడు అడుగులు. ఆ అర అడుగు కోసం కొందరు టేపు అంటిస్తారు, కొందరు "చల్తా హై" అని బ్యాడ్మింటన్ గీతతోనే కానిచ్చేస్తారు. ఆట మొదలయ్యేముందే "కిచెన్ లైన్ ఏది?" అని అడిగేస్తే సగం గొడవలు తగ్గుతాయి. నేను అడగని రోజు వరసగా మూడు పాయింట్లు పోయాయి, నా కాలు నేను గీత అనుకున్నదానికి బయటే ఉంది, వాళ్లు గీత అనుకున్నదానికి లోపల ఉంది.

పొరుగువాళ్ల చెవులు

గట్టి ప్లాస్టిక్ బంతి, గట్టి ప్యాడిల్, చుట్టూ పన్నెండంతస్తుల గోడలు. ఆ టక్ టక్ శబ్దం పైన పడుకున్న పసిపాపకీ, నైట్ డ్యూటీ చేసొచ్చినవాళ్లకీ నరకం. దీనిమీద ఇక్కడ ఫిర్యాదులు బాగానే వెళ్తున్నాయి, కొన్ని కోర్టుల్లో ఆట వేళలు కుదించారు కూడా. కోర్టు దగ్గర బోర్డు మీద రాసిన టైము దాటి ఒక్క సర్వ్ కూడా చేయకండి. "ఇంకొక్క గేమ్" అని ఎవరైనా అన్నా సరే, కోర్టే మూసేస్తే నష్టపోయేది వారమంతా ఆడే ఆ పెద్దవాళ్లు.

చివరి పని: ఆట అయ్యాక వెంటనే వెళ్లిపోకండి

రెండోసారి పిలుపు రావాలంటే నెట్ విప్పేటప్పుడు చెయ్యి వేయండి. మడతపెట్టే నెట్‌లో గొట్టాలు చాలా ఉంటాయి, ఒకటి బెంచీ కిందకి దొర్లితే వచ్చే వారం ఆట ఉండదు, అందుకే ఆ నెట్ తెచ్చే మనిషి లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. మీరు ఒక పక్క పట్టుకుని సంచిలోకి తోయండి. కబుర్లు, ఎక్కడ పని, ఎక్కడ ఇల్లు, ఏ హాకర్ సెంటర్లో చెరకురసం బాగుంటుంది, అన్నీ అప్పుడే. నేను చేరిన మొదటి గ్రూపు అలాగే దొరికింది. ఉదయం బెంచీ మీద కాఫీ తాగిన ఆ పెద్దాయనే, గొట్టాలు తొమ్మిదే వచ్చాయని గొణుగుతుంటే పదోది నా బూటు పక్కన కనిపించింది, అది చేతికివ్వగానే ఆయన ఫోన్ తీసి క్యూఆర్ కోడ్ నా మొహం ముందు పెట్టి "స్కాన్, స్కాన్. ట్యూస్‌డే, థర్స్‌డే" అన్నాడు.